ముందు నీ పేరు రాసుకో

అమెరికాలోని డులుత్‌లో ఆ డిసెంబరు మధ్యాహ్నం మంచు కురుస్తూనే ఉంది. కాలేజీకి సెలవులు. నేలమాళిగలోని సర్వర్ల గదిలో, అక్కడి కంప్యూటర్లు చూసుకునే మార్లిస్ ఒక్కతే ఉంది. పని చిన్నదే. యూనిక్స్ అనే పాతకాలం పద్ధతిలో నడిచే కంప్యూటర్ మిషన్‌లో తెర వెనక నడిచే వైపీబైండ్ అనే ప్రోగ్రాంని శాశ్వతంగా ఆపెయ్యాలి. ఏ నంబరు ఎవరిదో వేరే మిషన్ని అడిగి పేరు చెప్పడం దాని ఉద్యోగం. దానికిప్పుడు కాలం చెల్లింది.

దాన్ని పెట్టినవాడు, మార్లిస్‌కి ముందు ఈ గది చూసుకున్న లెన్నార్ట్. చనిపోయి ఏడాదైంది. మహా చాదస్తం మనిషి. కనబడ్డ ప్రతిదానికీ తెల్ల టేపు అంటించి పేరు రాసేవాడు. మిషన్లకి, కుర్చీకి, చివరికి తన కాఫీ కప్పుకి కూడా. ఆ కప్పు ఇంకా అక్కడే ఉంది, దుమ్ముకొట్టుకుపోయి. మిషన్ నెత్తిన మరో టేపు: "దీన్ని ఆపే ముందు నీ పేరు ఈ మిషన్ సొంత జాబితాలో రాసుకో."

ఫోన్ మోగింది. కూతురు సిగ్నీ.

"అమ్మా, నాలుగింటికి కారు తెస్తున్నా. ఆలస్యం చేశావో, సూపంతా నేనే ఊదేస్తా!"

"ఊదేస్తావే, తిండిపోతు మొహమా! ఐదు నిమిషాల్లో పైకొస్తా."

ఆ తొందరలో టేపు సంగతి మర్చిపోయింది. ప్రోగ్రాంని ఆపింది. మళ్ళీ దానంతటది లేవకుండా చేసేసింది.

తెరమీద పేర్లన్నీ నంబర్లయిపోయాయి. అది మామూలే. మార్లిస్ ఫైళ్ళు 1047వి అంటోంది మిషన్.

"నా మతి మండా! పేరు రాసుకోలేదే!"

తల బాదుకుని, ప్రోగ్రాంని మళ్ళీ మొదలుపెట్టబోయింది. మిషన్ ఒప్పుకోలేదు. ఎవరో తెలియని మనిషి మాట అది వినదు. సరే, అక్కణ్ణించి పక్క మిషన్లోకి వెళ్దామని చూసింది. తెరమీద జవాబొచ్చింది:

'నువ్వు లేవు. వెళ్ళిపో.'

పాత యూనిక్స్ వాళ్ళు ఎప్పుడో పెట్టిన వేళాకోళం అది. లెన్నార్ట్ దాన్ని చూసినప్పుడల్లా పగలబడి నవ్వేవాడు. మార్లిస్‌కి నవ్వు రాలేదు. ఎక్కడినుంచో కాఫీ వాసన వస్తోంది...

బయటికి పోదామని తలుపుకి కార్డు పెట్టింది. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటే. కార్డు మీద తన ఫోటో ఉంది. పేరుండాల్సిన చోట ఏమీ లేదు.

కూతురికి ఫోన్ చేసింది.

"సిగ్నీ... త్వరగా రావే. లోపల ఇరుక్కుపోయాను."

"ఎవరండీ మీరు?"

"వేళాకోళం చాలు. అమ్మనే!"



"చూడండి... మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంకోసారి ఇలా చెయ్యకండి."

కన్నకూతురు తనని 'మీరు' అంది.

తలుపు అద్దంలోంచి టార్చి వెలుగు పడింది. కాపలా కాసే వెర్న్. మార్లిస్ రెండు చేతులతో అద్దాన్ని బాదింది. అతను సూటిగా ఆమె మొహంలోకే చూశాడు. "ఇక్కడెవరూ లేరు" అని వాకీటాకీలో చెప్పి, బయటినుంచి లైట్లార్పి వెళ్ళిపోయాడు.

మిషన్ తెర ఒక్కటే వెలుగుతోంది. మిషన్ లోపల ఎవరెవరున్నారో మార్లిస్ దాన్నే అడిగింది. రెండే వరసలు. ఒకటి 1047. దాని పైన, జాబితాలో రాసుకున్న ఒకే ఒక్క పేరు...

లెన్నార్ట్.

కాఫీ వాసన దగ్గరైంది. మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ దుమ్ము కప్పులోంచి ఆవిరి లేస్తోంది. పక్కనే ఇంకో కప్పు... నిండుగా, వేడిగా. దానికి లెన్నార్ట్ చేతిరాతతో తెల్ల టేపు: 1047.

ఆ టేపు ఎన్నేళ్ళ కిందట అంటించిందో, పచ్చబడి అంచులు లేచిపోయి ఉంది.