పల్లె కావాలన్న పిల్ల

పుంగనూరులో రేవతి మేనత్త ఇంటి మిద్దె మీద, ఎండబోసిన మిరపకాయల పక్కన ఆమె, ధనుంజయ మొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమెది మదనపల్లె. అతనిది కుప్పం అవతల, గుడుపల్లె దగ్గర ఒక పల్లె. రెండు వైపులవాళ్ళకూ దారిలో పడుతుందని పెళ్ళిచూపులు ఇక్కడ పెట్టుకున్నారు. కింద పెద్దవాళ్ళు కాఫీలు తాగుతుంటే, "పోయి ఓ పది నిమిషాలు మాట్లాడుకోపోండి" అని అత్తే ఇద్దరినీ మిద్దెక్కించింది.

అందులో ఐదు నిమిషాలు మిరపకాయలను చూడడానికే సరిపోయాయి.

"మిమ్మల్ని ఒకటి అడగాల," అన్నాడు ధనుంజయ.

"నేనూ ఒకటి అడగాల. పెళ్ళయినాక మనం యాడుంటాం?"

అతని ముఖం వెలిగింది. "నేనూ అదే అడగాలనుకుంటి. మీరేం దిగులు పెట్టుకోవద్దండి. మదనపల్లెలోనే ఉంటాం. పల్లెకు తీసకపోయి కష్టపెట్టను."

రేవతి పెదవి మీదున్న నవ్వు మెల్లగా జారిపోయింది. "మదనపల్లెలోనే ఉండేటట్లయితే మీ సంబంధం యాల? మా వీధిలోనే ముగ్గురు అడిగిరి."

"అంటే?"

"తోట ఉండాది, ఆవులుండాయి అని చెప్తేనే నేను సరేనన్నింది."

"పిల్ల టౌన్లో ఉండాదని చెప్తేనే నేనూ బయల్దేరి వచ్చింది."

ధనుంజయకు నవ్వాగలేదు. రేవతికి ఒళ్ళు మండింది. పది నిమిషాలు కాకముందే మెట్లు దిగిపోయింది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. ఐదేళ్ళుగా చీరల షాపులో ట్యూబ్‌లైట్ల కింద నిలబడి పట్టుచీరలు విప్పి మడత పెడుతోంది. ఇల్లు టమోటా మార్కెట్ వెనక వీధిలో. లారీల హారన్లతోనే తెల్లవారుతుంది. కానీ కళ్ళు మూసుకుంటే మాత్రం కలికిరి దగ్గర అవ్వ గంగులమ్మ ఊరే. వేసవి సెలవుల్లో మట్టి వాసన వదలని పచ్చి శెనక్కాయలు వలుచుకుని తినడం, వేడి సంగటి ముద్దకు గుంత చేసి అవ్వ పోసే నెయ్యి, రాత్రి మిద్దె మీద పక్కలు. అవ్వ పోయాక మామలు చేను అమ్మేశారు. ఇప్పుడు బస్సు ఆ దారిన పోతే రేవతి కిటికీలోంచి చూడదు. తల దించుకుని కూర్చుంటుంది.

నాలుగో రోజు ధనుంజయ ఫోన్ చేశాడు.

"కోపం తగ్గిందా?"

"లేదు."

"సరే, తగ్గినంక చెప్పండి. ఆదివారం మదనపల్లెకు వస్తాండాను. మా మదనపల్లె మీకు చూపిస్తా."

"ఇరవయ్యారేండ్లుగా ఈడనే ఉండాను. నాకు మీరు చూపిస్తారా?"

"మీకు తెలిసింది వేరే ఊరు," అన్నాడతను.

అమ్మ ఒప్పుకుంది. ఆదివారం ఇద్దరూ నడిచారు. ధనుంజయ ఇక్కడే బీఎస్సీ, బీఈడీ చదివాడు. తర్వాత ఒక చిన్న బడిలో ఏడాది పాటు సైన్సు చెప్పాడు. ఏడేళ్ళ కిందట నాన్న కదిరప్ప బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, రెండు నెలలని ఊరికి పోయాడు. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

అతను అన్నం తిన్న మెస్సు సెల్‌ఫోన్ల షాపయింది. బడి ఉన్నచోట స్కూటర్ల షోరూమ్ ఉంది. అద్దాల వెనక వరసగా నిలబెట్టిన బండ్లను అతను చాలాసేపు చూశాడు.

"ఆ ఎర్ర బండి ఉండాది కదా, ఆడ పదో తరగతి," అన్నాడు చివరికి.

వేళాకోళం చేద్దామని నోరు తెరిచిన రేవతి, అద్దానికి దగ్గరగా జరిగి తానూ చూసింది. ఎండకు తలనొప్పి వస్తోందని ఆమె అంటే, మాత్ర కోసం పక్కనే ఉన్న మందుల షాపుకు వెళ్ళారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి మాత్రలు చేతికివ్వకుండా అతని వైపే చూసింది.

"ధనుంజయ సారే కదా? నేను అర్చనను సార్. టమోటా కోసి గుండె గదులు చూపించినారే, గుర్తుండాదా? ఆ పొద్దు నుంచే నాకు సైన్సు అంటే ఇష్టం. బీఫార్మసీ చదివితి."

ధనుంజయ ఏదో అనబోయాడు. "మంచిదమ్మా" అని మాత్రం అన్నాడు. బయటికొచ్చాక వీధి చివరిదాకా గబగబా నడిచాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. తలనొప్పి ఎప్పుడు పోయిందో రేవతికి తెలియలేదు.

"సార్," అంది మెల్లగా.

"ఊ?"

"ఏం లేదు, పిలిచి చూస్తి."

పది రోజులకు ఇల్లు చూడడానికని రేవతి అమ్మానాన్నలతో గుడుపల్లె బస్సు దిగింది. తలలో మూర మల్లెపూలు, ముఖానికి పౌడరు. ఇంటి పక్కనే పట్టుపురుగుల షెడ్డు. చీరలు తప్ప పురుగుల్ని ఎన్నడూ చూడలేదేమో, నేరుగా అటే నడిచింది. గుమ్మంలో కదిరప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. ఇప్పటికీ కొద్దిగా కుంటుతాడు.

"పూలు తీసి బయట పెట్టమ్మా. ముఖం కడుక్కో. ఈటికి వాసన పడదు."

ఇల్లు చూడడానికి వచ్చిన పిల్లను ముఖం కడుక్కొమ్మంటాడా అని రేవతి అమ్మ మూతి ముడిచింది. రేవతి నవ్వుతూ తొట్టి దగ్గరికి పోయింది. లోపల మల్బరీ కొమ్మల మీద వేల పురుగులు ఒక్కసారిగా ఆకు నములుతున్నాయి. ఆ చప్పుడు రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టుంది.

"ఇంకో మూడు నాలుగు రోజుల్లో గూడు కడతాయి," అన్నాడు ధనుంజయ. "ఇప్పుడే ఆకలెక్కువ. పూట తప్పకూడదు."

అంతలో నిజంగానే ఉరిమింది. ధనుంజయ బయటికి తొంగిచూసి, కొడవలి అందుకుని తోటలోకి పరుగెత్తాడు. తడిసిన ఆకు పెడితే పురుగులకు జబ్బు చేస్తుంది. వాన రాకముందే రెండు పూటలకు సరిపడా కోసి లోపల వేసుకోవాలి. కూలివాళ్ళు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. కదిరప్ప కుంటుకుంటూ వెనకే పోయాడు.

రేవతి కొంగు బిగించి ఇంకో కొడవలి అందుకుంది. "ఏమే, నీకేమన్నా వచ్చునా అది?" అంటున్న అమ్మ మాట గాలిలోనే ఉండిపోయింది.

"అట్ల కాదు, కిందికి పట్టుకో. నీ చెయ్యి తెగుతాది," అన్నాడు ధనుంజయ, తాను మీరు నుంచి నువ్వులోకి దిగిన సంగతి గమనించకుండానే. రేవతి గమనించింది. కొడవలి కిందికి పట్టుకుంది.

అరగంటకు అరచేతిలో బొబ్బలు లేచాయి. మొదటి చినుకులు పడేసరికి చివరి మోపు తప్ప అన్నీ షెడ్డు చేరాయి. ఆ మోపు కడుతూ అతను అన్నాడు.

"చూసినావు కదా. ఇదీ పల్లె. రెండు నెల్లకు నీకు ఇసుగొస్తాది."

"మా అవ్వ ఊర్లో నేను ఉండింది సెలవుల్లోనే. పనంతా అవ్వది, తినేది నాది. అది నాకిప్పుడు తెల్సు. అయినా నాకు ఈడనే ఉండాలనుంది. పురుగుల్ని పెంచేది నేర్చుకుంటా. ఒక పంట నా పేరు మీదే పెడతా." కాస్త ఆగింది. "నీ సంగతి చెప్పు. నీకు ఏం కావాల?"

వాన చినుకు అతని కనురెప్ప మీద పడింది. తుడుచుకోలేదు.

"కుప్పంలో ఒక బడిలో సైన్సు సారు కావాలంట. మూడు నెల్లుగా పిలస్తాండారు. ఒక్కడే అయిపోతాడని నాయనకు చెప్పలేదు. టౌన్ పిల్లను చేసుకుంటే ఆయనే పొమ్మంటాడనుకుంటి."

వెనక సాలులో ఆకుల చప్పుడయింది. కదిరప్ప నిలబడి ఉన్నాడు. తలగుడ్డ తడిసిపోతోంది.

"ఏడేండ్లాయె. నాకు ఒక్క మాటన్నా యాల చెప్పలేదురా?"

"నువ్వు అడగలేదు నాయనా."

ముసలాయన కొడుకును చూశాడు. తర్వాత రేవతి చేతిలోని బొబ్బలు చూశాడు.

"వీడు ఏడేండ్లుగా కోస్తాండాడు, ఇప్పటికీ మొద్దులు మిగులుస్తాడు. నీ సాలు సూడు, ఎంత నున్నగా ఉండాదో," అన్నాడు ఆమెతో. కొడుకు వైపు తిరిగి, "కుప్పానికి గంటకో బస్సుండాది. సోమవారం పోయి ఆ బడోళ్ళను కలువు. పద, మీ అత్త ముఖం ఇంకా ముడుచుకోకముందే ఇంట్లోకి పోదాం."

ఆయన మోపెత్తుకుని ముందు నడిచాడు. ఇద్దరూ వానలో నిలబడిపోయారు.

"పల్లె కోసం వస్తి," అంది రేవతి. "ఇప్పుడు పల్లె ఒక్కటే అయితే రాను."

"మరి?"

"సారు కూడా ఉండాల. పొద్దుగూకేసరికి ఇంటికి రావాల."

వైశాఖంలో పెళ్ళయింది. జూన్‌లో బడి తెరిచారు. ఏడున్నరకు రోడ్డు మీద కుప్పం బస్సు ఆగితే ధనుంజయ ఎక్కి, కిటికీలోంచి తోట వైపు చెయ్యి ఊపాడు. రెండు చేతుల నిండా మల్బరీ కొమ్మలతో ఉన్న రేవతి గడ్డం మాత్రం పైకెత్తింది. బస్సు మలుపు తిరిగినా ఆమె అటే చూస్తూ ఉంటే, పక్క సాలులోంచి కదిరప్ప సన్నగా దగ్గాడు.

"వాడు పోయినాడులేమ్మా."

"సాయంత్రం వస్తాడులే మామా," అని రేవతి మళ్ళీ ఆకుకు వంగింది.