సూర్యారావు రిపోర్టు కింద పచ్చగీత

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. బీరంగూడ గుట్ట మల్లన్నను తలుచుకునే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కథ ఒంటరిగా చెప్పుకునేది కాదు.

రెండువేల ఒకటో సంవత్సరం. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ. ఆదివారం సాయంత్రం నాలుగు దాటింది, బయట ముసురు. ఆఫీసులో స్టోర్సు గుమాస్తా సూర్యారావు ఒక్కడే కంప్యూటర్ ముందున్నాడు. గదంతా మందుల వాసన, తియ్యగా, గొంతులో అతుక్కునేలా.

రెండ్రోజుల కిందట రియాక్టర్ దగ్గర గ్యాసు పీల్చి సంగప్ప పోయాడు. మాస్కు లేదు. అక్కడి పద్ధతేమిటంటే, నెల మొదట్లోనే అందరి చేతా మాస్కుల రిజిస్టరులో వేలిముద్రలు వేయించేస్తారు. మాస్కులు మాత్రం సరుకు ఎప్పుడొస్తే అప్పుడు ఇస్తారు. ఆ నెల అసలు రానే లేదు. ముద్రలు వేయించింది సూర్యారావే, ఇప్పుడు ఆ చావు మీద రిపోర్టు రాయాల్సిందీ అతనే. నిజం రాస్తే తన ఉద్యోగం పోతుంది. రాయకపోతే తప్పు సంగప్పదే అవుతుంది, అతని భార్య దేవమ్మకు బదులుగా ఫ్యాక్టరీలో ఇవ్వాల్సిన పని రాదు.

తలుపు దగ్గర కొమురయ్య నిలబడ్డాడు. ఇప్పుడు సంగప్ప బదులు రియాక్టర్ దగ్గర పనిచేసేది అతనే.

"సారూ, మాస్కులు వచ్చినయా?"

"బుధవారం వస్తాయిలే. అందాకా ముక్కుకి తువ్వాలు కట్టుకో."

"సంగప్ప గూడ తువ్వాలనే కట్టిండు సారూ." నవ్వినట్టే నవ్వి డ్యూటీకి పోయాడు.

సూర్యారావు ఇంగ్లీషులో టైపు చేశాడు: మాస్కు ఇచ్చాం, అతనే పెట్టుకోలేదు.

వెంటనే ఆ వాక్యం కింద పచ్చగీత పడింది. ఇంగ్లీషులో తప్పు దొర్లితే కంప్యూటర్ గీసే గీత అది. సూర్యారావుకు దానిమీద మహా గురి. గీత లేదంటే తప్పు లేదని, చదవకుండానే కాగితాలు పంపేసే మనిషి. సవరణ ఏమిటో చూద్దామని మౌసు నొక్కాడు.

'మాస్కు ఇవ్వలేదు.'

చెరిపేసి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ గీత... మళ్ళీ అదే సవరణ. వాసన చిక్కబడింది. వెనక ఎవరో తడిబట్టలోంచి ఊపిరి లాగుతున్నట్టు... తిరిగి చూడలేదు.

"స్వామీ, ఇద్దరు పిల్లలున్నవాణ్ణి," అని గొణిగాడు. కళ్ళు మూసుకుని 'ఇగ్నోర్' నొక్కాడు.

గీత పోయింది. వెనక ఆ ఊపిరి చప్పుడు ఆగింది. అబద్ధం అలాగే ఉంది.

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అయినా... కింద ఇంకో వాక్యం పడుతోంది. ఒక్కో అక్షరం... ఒక్కో అక్షరం...

'కొమురయ్య గ్యాసు పీల్చి మరణించాడు. సమయం నాలుగూ నలభై.'

గోడ గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది.

సూర్యారావు ఆ వాక్యం కింద వెతికాడు. కళ్ళు తుడుచుకుని, తెరకు ముక్కు ఆనేదాకా వంగి వెతికాడు.

పచ్చగీత లేదు.