తారుమారైన ఫ్యాన్ వైర్లు

ఇలోయిలో పట్టణంలోని ఆ ఇంట్లో పొద్దున్నే వెల్లుల్లి అన్నం, వేయించిన ఎండుచేప వాసన పరుచుకుంది. అంపారో పళ్లేలు సర్దుతూ ముందుగదిలోకి చూసింది. తండ్రి క్రిస్పులో, తమ్ముడి భార్య గ్లైడెల్ నేలమీద కూర్చుని, కంప్యూటర్ పెట్టె విప్పి కొత్త ఫ్యాన్లు బిగిస్తున్నారు. మధ్యమధ్య ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

పడవ ఇంజన్లు బాగుచేసే తండ్రికి చిన్నప్పుడు స్పానర్లు అందించింది అంపారోనే. ఆ పనితనంతోనే మనీలాలో కంప్యూటర్ల షాపులో చాలాకాలం పనిచేసింది. షాపు మూతపడి ఇంటికొచ్చాక ఆయన ఒక్క స్క్రూ బిగించమని కూడా అడగలేదు. ప్రతిదానికీ గ్లైడెల్ కావాలి.

"అన్నం చల్లారిపోతోంది నాన్నా."

"వస్తాలే. గ్లైడెల్, ఆ వైరిలా ఇవ్వమ్మా."

గ్లైడెల్ ఎవరిదో పెళ్లి వీడియో కూర్చే పని మొదలుపెట్టగానే పెట్టె ముందున్న ఫ్యాన్ హోరెత్తింది. లోపల ప్రాసెసర్ మీది ఫ్యాన్ మాత్రం నీరసంగా తిరుగుతోంది. అంపారోకి చూడగానే అర్థమైంది. రెండు వైర్లూ ఒకదాని చోట ఒకటి పెట్టారు. ప్రాసెసర్ వేడెక్కినకొద్దీ జోరు పెరిగేది ముందు ఫ్యాన్‌కి, దాన్ని చల్లబరచాల్సిన ఫ్యాన్‌కి కాదు. మాట నోటిదాకా వచ్చింది. 'నన్నడిగారా?' అనుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ ఆగింది. ఆ వీడియో సాయంత్రం విందులో చూపించాలి.

"ఇంత గాలి తోలుతోంది కదా, ఎందుకాగుతోంది మామయ్యా?" కంగారుగా అడిగింది గ్లైడెల్.

"ఇద్దరు ఇంజనీర్లున్నారుగా, కనిపెట్టండి," గుమ్మంలోంచి అంది అంపారో.

"నీకు తెలుసా వదినా?"

"పొద్దున్నే తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నన్ను పిలిచిందెవరు? నువ్వొచ్చాక నాన్నకి నేను కనబడటం మానేశాను. సొంతింట్లో చుట్టాన్నయ్యాను."

క్రిస్పులో చేతిలోని టార్చిలైటు కింద పెట్టాడు. కుడిచెయ్యి చాచి కూతురి ముందు పెట్టాడు. వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి.

"ఇదమ్మా సంగతి. స్క్రూడ్రైవర్ స్క్రూ గాడిలో నిలవదు. గ్లైడెల్ ఈ ఇంటికొచ్చేసరికే నేనిలా ఉన్నాను, తన ముందు నాకు సిగ్గులేదు. నువ్వు ఈ చేతుల్ని చూసి పని నేర్చుకున్నదానివి. నువ్వు చూస్తుండగా ఇవి వణికితే భరించలేననిపించింది."

అంపారోకి కాఫీ కప్పు గుర్తొచ్చింది. ఆయన సగం కప్పే పోయమనేది ఒలికిపోతుందనేనా? రోజూ పోస్తూ కూడా తనకి తట్టలేదు. అక్కడే చతికిలబడి కళ్లు తుడుచుకుంది.

"తప్పు నాది గ్లైడెల్. కుళ్లుకున్నాను."

"నేను మాత్రం కుళ్లుకోలేదా వదినా? ఏ వైరు పట్టుకున్నా, 'మా అంపారో అయితే కళ్లు మూసుకుని పెట్టేస్తుంది' అంటాడు మామయ్య. పొద్దున నవ్వింది కూడా నీ చిన్నప్పటి సంగతులకే."

"లైటిలా పట్టు," అంది అంపారో గ్లైడెల్‌తో. వైర్లు రెండూ ఊడదీసి, ఒకటి దాని చోట పెట్టింది. రెండోదాన్ని తండ్రి వేళ్ల మధ్య ఉంచి, ఆ చేతిని తన చేత్తో గట్టిగా పట్టుకుంది.

"నొక్కు నాన్నా."

వైరు దాని చోట కూర్చుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె వదల్లేదు.