ఎర్రబడ్డ ఈదయ్య ఫోటో

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, బట్టల దుకాణం పై అంతస్తులో ప్రైవేట్ డిటెక్టివ్ దమయంతి ఆఫీసు. 1998 ఆగస్టులో ముసురు పట్టిన ఒక ఉదయం, చంకలో రెండేళ్ల పాపతో ఒక స్త్రీ మెట్లెక్కి వచ్చింది. కొంగు చాటు నుంచి ఫ్రేము కట్టిన ఫోటో తీసి బల్ల మీద పెట్టి, భయంగా వెనక్కి జరిగింది.

“మా ఆయన మొకం మాయమైతున్నదమ్మా. మీరు దొంగలను పట్టుకుంటరని కింద చాయ్ దుకాణపాయన చెప్పిండు.”

ఆమె పేరు బీరమ్మ. పాలమూరు నుంచి వచ్చి, అశోక్‌నగర్ బస్తీలో ఉంటూ కూలి పని చేస్తోంది. భర్త ఈదయ్య కిందటేడు పునాది తవ్వుతుండగా మట్టి విరిగిపడి చనిపోయాడు. ఉన్న ఒక్క చిన్న ఫోటోను పెద్దది చేయించిన తర్వాత గుడిసె కారి, ఆ పాత ఫోటో నానిపోయింది. ఇప్పుడీ పెద్ద ఫోటోలోనూ ఈదయ్య ముఖం ఎర్రబారి, కళ్లూ ముక్కూ చెదిరిపోయాయి.

“ఆయన ఆత్మకు శాంతి లేదని బస్తీల అంటున్రు. పోరికి వాళ్ల నాయిన ఎట్లుండెనో ఇగ నేనెట్ల చూపియ్యాలె?”

దమయంతి ఫోటోను వెలుతురుకు తిప్పి చూసింది. “ఆత్మ గీత్మ కాదు బీరమ్మా. ఇది మనుషులు చేసిన పనే. పా, చూద్దాం.”

అసిస్టెంట్ అభిజిత్ అప్పటికే గొడుగు తీశాడు.

ఫోటో వేసిన స్వర్ణ దుకాణం నారాయణగూడలో ఉంది. పాత ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, మరకలు తుడిచి, ఇంక్‌జెట్ ప్రింటర్‌తో మెరిసే ఫోటో పేపర్ మీద తీసిస్తుందామె. ఈదయ్య ఫోటో చూడగానే స్వర్ణ ముఖం వాడిపోయింది.

“ఇంకా నలుగురు గిట్లనే వాపస్ తెచ్చిన్రు మేడం. ప్రింటర్ ముట్టేది మా పనోడు జైపాల్ ఒక్కడే. కంపెనీ రంగు డబ్బాలు, గా కార్ట్రిడ్జ్‌లు మాయం చేసి, ఖాళీ వాటిల లోకల్ రంగు నింపిండు. పోయిన వారం పనిలకెల్లి తీసేసిన.”

“నింపుతుంటే చూసినవా?”

“లేదు. వాడు కాకుంటే ఇంకెవరు?”

మూల కుర్చీలో ఆమె తండ్రి కిషన్ రావు పేపరు చదువుతున్నాడు. ఒక దవాఖానాలో కంపౌండర్‌గా చేసి రిటైరైన మనిషి. లేచి బీరమ్మకు స్టూలు వేశాడు, పాపకు నీళ్లిచ్చాడు. ఫోటో వైపు మాత్రం చూడలేదు. కుడిచేతి రెండు వేళ్లకు పొందికగా కట్టు కట్టి ఉంది.

అద్దాల బీరువాలో, ఎండ తగిలే చోట, ఒక పెళ్లి ఫోటో నిగనిగలాడుతోంది. “ఇదెప్పటిది?” అంది దమయంతి.

“దుకాణం కొత్తల తీసింది. పేపర్ గిదే.”

“ఈ రంగుల విజిటింగ్ కార్డు?”

“మొన్నటిది. మామూలు కాగితం.” అందులో అక్షరాలు, బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి.

“ఇప్పుడు ప్రింటర్‌లో ఉన్న కార్ట్రిడ్జ్ ఎవరు పెట్టారు?”

“నేనే, జైపాల్ పోయినంక. బీరువాల స్టాకున్నది, ఎండకాలం నుంచి కొననే లేదు. తాళం నా దగ్గర ఒకటి, బాపు దగ్గర ఒకటి.”

నిన్న తీసిన ఫోటో అడిగి, దాని అంచున వేలు రాసింది దమయంతి. వేలికి రంగంటింది. స్వర్ణ గిరాకీతో మాట్లాడుతుండగా కార్ట్రిడ్జ్ బయటికి తీసింది. పై లేబుల్ ఒక మూల ముడతపడి ఉంది. గోటితో ఎత్తితే, దాని కింద సూది మందం రంధ్రాలు. వాటిని మూస్తూ దవాఖానాల్లో వాడే తెల్ల గుడ్డ ప్లాస్టర్.

బయటికొచ్చాక అభిజిత్ ఆగలేకపోయాడు. “జైపాలేనా మేడం?”

“స్వర్ణను అడ్రసు అడిగాను. అడిక్‌మెట్‌లో జైపాల్ ఇంటికి పోయి, అతణ్ని రేపు సాయంత్రం దుకాణానికి తీసుకురా. వచ్చేటప్పుడు సీలు తీయని కార్ట్రిడ్జ్ ఒకటి పట్టుకురా.”

మర్నాడు దుకాణం షట్టరు సగం దించి అందరూ కూర్చున్నారు. జైపాల్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“పెళ్లి ఫోటో ఎండలో ఉన్నా చెడలేదు,” మొదలుపెట్టింది దమయంతి. “అంటే పేపరు మంచిదే. మారింది రంగు. మామూలు కాగితం ఏ రంగునైనా పీల్చుకుంటుంది, అందుకే కార్డు బాగుంది. ఫోటో పేపర్ మీద పూత ఉంటుంది. దానికి పొసగని రంగు సరిగ్గా ఆరదు, ముసురుకు పాకుతుంది. ఇందులో నీలం తొందరగా ఎగిరిపోతుంది, ఎరుపే మిగులుతుంది. ఈదయ్య ఫోటోకు జరిగింది ఇదే.”

“ఆ రంగు నింపిందెవరు?” అంది స్వర్ణ.

“జైపాల్ పోయాక నువ్వు బీరువాలోంచి తీసిన కార్ట్రిడ్జ్‌కూ రంధ్రాలున్నాయి. ఎండకాలం నుంచి కొనకపోయినా స్టాకు తరగడం లేదు. నువ్వే నింపి ఉంటే తాళాల సంగతి నాకు చెప్పేదానివి కావు. రెండో తాళం ఉన్నవారికి సూది పట్టడం వచ్చు, ప్లాస్టర్ అలవాటు. కిషన్ రావు గారూ, ఆ కట్టు విప్పుతారా?”

ఆయన మెల్లగా విప్పాడు. గాయం లేదు. గోళ్ల చుట్టూ నీలం రంగు మరకలు.

“ఖాళీవి నింపి పాత డబ్బాలల్ల పెట్టిన,” అన్నాడు. “ఒక్కతే కష్టపడుతున్నది, జర ఆసరా అయితదనుకున్న. మామూలు కాగితం మీద తీసి చూసిన, మంచిగనే ఒచ్చింది.”

“అక్కడిదాకా పొరపాటే అనుకుందాం. జైపాల్ పని పోతుంటే చూస్తూ కూర్చున్నారే, దానికేమంటారు?”

కిషన్ రావు లేచి జైపాల్ ముందుకు వెళ్లాడు. “బిడ్డ ముందట తల దించుకోవాల్సి వస్తదని నోరు మూసుకున్న. మాఫ్ చెయ్యి బిడ్డా.”

జైపాల్ ఒకడుగు వెనక్కి జరిగాడు. “వారం సంది ఇంట్ల అందరు నన్ను దొంగోణ్ణి చూసినట్టు చూస్తున్నరు. మీరే వచ్చి చెప్పుండ్రి.”

“రేపు పొద్దున్నే వస్త.”

“నేను గూడ వస్త,” అంది స్వర్ణ. “నిన్ను అడగకుండనే దొంగను చేసిన. మళ్ల పనికి రా జైపాల్.” తర్వాత బీరమ్మ వైపు తిరిగి తలదించుకుంది. “నీ ఫోటో కంప్యూటర్ల జాగ లేక తీసేసినక్కా.”

బీరమ్మ పాపను గట్టిగా హత్తుకుంది.

“నా దగ్గరున్నదక్కా,” అన్నాడు జైపాల్ బీరమ్మతో. “ఒక్కటే ఫోటో అని నువ్వు ఏడ్చినవ్ గదా. ఫ్లాపీల ఎక్కించుకున్న. ఇంట్ల ఉన్నది.”

అతను సైకిలెక్కి వెళ్లొచ్చేలోగా స్వర్ణ కొత్త కార్ట్రిడ్జ్ పెట్టింది. ప్రింటర్ కదిలింది. ముందు ఉంగరాల జుట్టు, తర్వాత నుదురు, కళ్లు, నవ్వబోతున్న పెదాలు. బీరమ్మ దాని ముందు నేల మీదే కూర్చుండిపోయింది. పాప చెయ్యి చాచింది.

“జర ఆగు చిన్నీ, ఆరాలె,” అన్నాడు జైపాల్.

“మీ నాయిన,” అంది బీరమ్మ. “ఆ చెవులు జూడు. నీయి గట్లనే ఉన్నయి.”

పాప తన చెవి తడుముకుంది.