సగంలో కోసిన మాట

"ఒసే తాయారూ! ఆ టీవీలో అరుస్తన్నది నువ్వేనేటే?"

అత్తగారు లక్ష్మణమ్మ కేక విని తాయారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం చీపురుపల్లిలోని వాళ్ల ముందుగది వీధిలోవాళ్లతో నిండిపోయి ఉంది. మంచం మీద కొందరు, గడప మీద కొందరు, కిటికీ ఊచలు పట్టుకుని ఇంకొందరు... అందరూ వచ్చింది తాయారు కూతురు పైడితల్లి డాన్స్ చూడటానికే! శాంతికుమార్ మాస్టారు తయారుచేసిన ఎనిమిదిమంది ఆడపిల్లల జట్టు హైదరాబాదు వెళ్లి, టీవీ డాన్స్ పోటీలో పెద్ద పెద్ద ఊళ్ల జట్లని దాటుకుంటూ నాలుగో వారానికి చేరింది. ఆ షూటింగు పది రోజుల కిందటే అయిపోయినా, టీవీలో రావడం ఈ రోజే.

కానీ తెర మీద పిల్లలు లేరు. తెర నిండా తాయారు మొహం! రేగిన జుట్టు, ఎర్రబడిన కళ్లు, మాస్టారి వైపు చూపిస్తున్న వేలు...

"మా పిల్లే ముందుండాల!"

ఢమ్మని పిడుగు పడ్డట్టు చప్పుడు. అదే మాట మళ్లీ... మళ్లీ... మూడుసార్లు వినిపించారు! ఆ వెంటనే ఓ మూల మోకాళ్లలో తల దాచుకుని ఏడుస్తున్న మెర్సీని చూపించారు. తాపీమేస్త్రీ సీమోను కూతురు మెర్సీ. తల్లి లేని పిల్ల. జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్ల. మూడు వారాలూ ముందు నిలబడి ఆడిన ఆ పిల్ల ఇప్పుడు వెనక వరుసలో ఎక్కడో ఉంది. ఆమె చోట తాయారు కూతురు పైడి!

గదిలోవాళ్లు ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. పక్కింటి దేముడమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఆ మెర్సీ తల్లినేని గుంట కదే తాయారూ... దానికాడ సోటు లాక్కోడానికి నీకు మనసెలాగొచ్చినాదే?" అనేసి వెళ్లిపోయింది.

తాయారు మొగుడు నరసింగరావు లేచి టీవీ కట్టేశాడు. బజారులో పురుగుమందుల కొట్టు అతనిది. నెమ్మదైన మనిషి. పెళ్లయిన పద్నాలుగేళ్లలో భార్యని పల్లెత్తు మాట అనలేదు. అలాంటివాడు ఆ రోజు ఆమె మొహంకేసి చూడకుండా, "రేపు కొట్టుకాడ ఏ మొహం పెట్టుకుని కూకోమంటావు?" అన్నాడు.

"బావా... నానన్నది అది కాదు బావా..."

"నా సెవులతో ఇన్నాను. నీ నోరే, నీ గొంతే! ఇంకేటి కాదు?"

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ పైడి, నీళ్లు నిండిన కళ్లతో తల్లి ముందుకొచ్చింది.

"మెర్సీని ఎనక్కి పంపించమన్నది నువ్వా అమ్మా? మాస్టారే మార్చారనుకున్నాను... ఇప్పుడు దాని మొహం నానెలాగ సూడాల?"

ఆ పిల్ల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడు తాయారు గుండెల్లో దిగింది!

మాస్టారు కాక, ఊళ్లో అసలు జరిగింది ఏమిటో తాయారుకొక్కదానికే తెలుసు. కనీసం తాను అలాగే అనుకుంది. పిల్లల బట్టలన్నీ కుట్టింది తనే కాబట్టి, చిరుగులూ కుట్లూ చూసుకోవడానికి జట్టుతో పాటు హైదరాబాదు వెళ్లింది. ఆ రోజు మేకప్ గది బయట నడవాలో కూర్చుని ఓ గౌను అంచు కుడుతోంటే, చానెలు మనిషి ఒకడు మాస్టారితో అంటున్న మాటలు చెవిన పడ్డాయి. "ముందున్న పిల్ల మరీ నలుపు మాస్టారూ! లైట్ల కింద మొహమే తెలియడం లేదు. వెనకున్న ఆ తెల్లపిల్లని ముందుకు తెండి." మాస్టారు తల వంచుకున్నాడు. అంతే! ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ మనిషి అటు వెళ్లగానే తాయారు సూదీ దారం పక్కన పడేసి లేచింది.

"మా పిల్లే ముందుండాలని నానడగట్నేదు మాస్టారూ! కాళ్లు బొబ్బలెక్కీదాకా ఆడింది మెర్సీ. దాన్నే ముందుంచండి. కావాలంటే మా పైడినే తీసీయండి!"

నడవా మూల నుంచి కెమెరా తనని తీస్తోందని ఆమెకి తెలియదు. మన మాటల్లో కాదనడం చివర్న వస్తుంది కదా... వాళ్లు ఆ చివరనే కోసేశారు!

మరి ఈ మాట మొగుడితో ఎందుకు చెప్పలేదు? చెబితే ఎందుకు గొడవపడిందో కూడా చెప్పాలి. అత్తగారి చెవిన పడితే గంటలో వీధికి తెలుస్తుంది. పైడి, మెర్సీ ఒకే క్యారేజీలో తినే స్నేహితులు. పైడికి తెలిస్తే మర్నాటికి మెర్సీకి తెలుస్తుంది. నల్లగా ఉన్నావని నిన్ను వెనక్కి నెట్టారు... పన్నెండేళ్ల పిల్ల ఆ మాట వింటే ఇంక జన్మలో అద్దం ముందు సంతోషంగా నిలబడుతుందా? ముందే తల్లి లేదు. ధైర్యం చెప్పి ఒళ్లో పడుకోబెట్టుకునేవాళ్లు లేరు. 'నన్నేటైనా అనుకోనీ... ఆ పిల్లకి తెలియకూడదు' అనుకుంది తాయారు.

ఆ తర్వాత నాలుగు రోజులూ ఆమె పడిన బాధ పగవాళ్లకి కూడా వద్దు! కుట్టమని ఇచ్చిన జాకెట్టు గుడ్డలు ఇద్దరు ఆడవాళ్లు తిరిగి పట్టుకుపోయారు. నరసింగరావు కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కతికి లేచిపోయేవాడు. పైడి తల్లి చేత జడ వేయించుకోవడం మానేసింది. ఒకటి పైకి, ఒకటి కిందికి సొంతంగా వేసుకున్న ఆ వంకర జడలతో కూతురు బడికి పోతుంటే, వెనకనుంచి చూస్తూ తాయారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మెర్సీ ఆ వారం బడికే రాలేదట. కోటబొమ్మాళిలో అమ్మమ్మ ఇంటికి పోయిందట.

"హైదరాబాదులో శనివారం షూటింగుకి నాను రైలెక్కను. ఇంక డాన్సే ఆడను," అని తేల్చిచెప్పింది పైడి.

గురువారం మధ్యాహ్నం. నరసింగరావు భోజనానికి వచ్చాడు. బడికి సెలవేమో, పైడి ఇంట్లోనే ఉంది. అప్పుడు వాకిట్లో సీమోను కనిపించాడు, చేతులకి ఇంకా సిమెంటుతో. పక్కన మెర్సీ! లక్ష్మణమ్మ గొడవకొచ్చాడనుకుని కొంగు నడుముకి బిగించింది.

"గొడవకి రానేదమ్మా," అన్నాడు సీమోను మెల్లగా. "అమ్మమ్మకాడికెల్లినా ఈ గుంట నాలుగు రోజులై బువ్వ తినట్నేదు. తాయారత్తని సూడాలంటాది. ఎందుకో నాకూ సెప్పదు."

మెర్సీ అరుగు మీద ఆగలేదు. సూటిగా తాయారు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తా... ఆ రోజు నాను మేకప్ గది కర్టెను ఎనకాలే ఉన్నాను. అంతా ఇన్నాను."

తాయారు, "ఏటీ ఇన్నేదు తల్లీ నువ్వు... ఏటీ ఇన్నేదు..." అంటూ ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మెర్సీ ఆ చేతిని నెమ్మదిగా తీసి, నరసింగరావు వైపు తిరిగింది.

"నాను నల్లగా ఉన్నానని ఎనక్కి ఎల్లమన్నారు మావా. అత్త నా కోసమే మాస్టారితో తగువాడింది. మా పైడినే తీసీయండి, మెర్సీనే ముందుంచండి అన్నాది. టీవీవోలు సగమే సూపించినారు. ముందే సెప్పాల... గానీ ఆ మాట నా నోటితో సెప్పడానికి సిగ్గేసినాది."

మెర్సీ మళ్లీ తాయారు వైపు తిరిగింది.

"ఆ మాటిన్నప్పుడు ఏడుపొచ్చినాది అత్తా. మరి నువ్వన్నది కూడా ఇన్నాను కదా... మా అమ్ముంటే ఇలాగే అరుస్తాది అనుకున్నాను."

తాయారు నేల మీద కూలబడి ఆ పిల్లని గుండెలకి హత్తుకుంది. "సిగ్గు నీకెందుకే నా తల్లీ! ఆ మాటన్నోడికుండాల సిగ్గు... మాకుండాల..." ఎప్పుడొచ్చిందో పైడి, ఇద్దరినీ కలిపి వాటేసుకుని, "అమ్మా... నన్ను కొట్టమ్మా..." అంటూ వెక్కివెక్కి ఏడుస్తోంది. సీమోను మొహం అటు తిప్పుకుని సిమెంటు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"నాకెందుకు సెప్పనేదు తాయారూ?" అన్నాడు నరసింగరావు.

"ఈ పిల్లకి తెలిసిపోద్దని బావా..."

అతను కంచం ముందునుంచి లేచి వచ్చి భార్య పక్కన నేల మీదే కూర్చున్నాడు. "టీవీలో నీ గొంతు ఇన్నాను గానీ... పద్నాలుగేళ్లుగా ఇంట్లో సూస్తన్న మనిషిని గుర్తుసేసుకోనేదు. తప్పు నాది."

లక్ష్మణమ్మ అంతసేపూ స్తంభాన్ని పట్టుకుని నిలబడే ఉంది. సీమోను ఉండే పేటవాళ్లు పనికొస్తే అరుగు దాటి లోపలికి రానిచ్చిన మనిషి కాదు ఆమె. ఏమనుకుందో ఏమో, వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలు తెచ్చి వడ్డించింది. ఒకటి కొడుకు కంచం పక్కన పెట్టి, "రా సీమోనూ, కూకో," అంది. రెండోది తన ఒళ్లో పెట్టుకుని, "రాయే గుంటా! నాలుగ్రోజులై తిననేదంట... నోరు తెరు," అని మెర్సీకి ముద్ద కలిపి పెట్టింది.

ఆ సాయంత్రమే శాంతికుమార్ మాస్టారు వచ్చాడు. తాయారు ముందు నిలబడి, "అమ్మా, ఆ రోజు తల దించుకున్నది నేను. ఇన్నాళ్లకి టీవీలో అవకాశం వచ్చింది, పోతుందని భయపడ్డాను. పిల్లలకి అడుగులు నేర్పాను గానీ నాకు నిలబడటం రాలేదు," అన్నాడు. తర్వాత మెర్సీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నన్ను క్షమించు తల్లీ. శనివారం నువ్వే ముందు. ఎవరేమన్నా సరే!"

శుక్రవారం ఎనిమిదిమందీ రైలెక్కారు. చానెలు మనిషి చిరాకుపడ్డాడు, బెదిరించాడు. మాస్టారు ఈసారి తల వంచలేదు. మెర్సీ ముందు నిలబడి ఆడుతుంటే, తెరల పక్కనుంచి చూస్తున్న తాయారుకి ఆ పిల్ల తప్ప ఇంకేమీ కనిపించలేదు!

అయినా జట్టు ఆ వారమే పోటీ నుంచి వెళ్లిపోయింది. వేదిక మీద చివరిసారి మైకు ఇచ్చినప్పుడు మాస్టారు అందరి ముందూ తాయారమ్మకి క్షమాపణ చెప్పాడు. కానీ టీవీలో ఆ ముక్క రాలేదు. పిల్లలు ఏడుస్తూ చేతులు ఊపడం మాత్రం వచ్చింది. సగం ఊరికి అసలు సంగతి ఇప్పటికీ తెలియదు. తెలియకపోతే పోనీ... తెలియాల్సినవాళ్లకి తెలిసింది, అనుకుంది తాయారు.

నెల తర్వాత ఓ ఉదయం నరసన్నపేట నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి, తాయారుని ఎగాదిగా చూసి, "టీవీలో కూతురి కోసం గొడవాడినావిడ నువ్వే కాదేటి?" అంది.

మిషను మీద తాయారు చేతులు ఆగిపోయాయి. ఆమె నోరు తెరిచేలోగా అరుగు మీద కందిపప్పు ఏరుతున్న లక్ష్మణమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"అవును, మా కోడలే! పిల్ల కోసమే గొడవాడింది. మళ్లీ ఆడాల్సొస్తే మళ్లీ ఆడతాది... ఈపాలి నానూ పక్కనుంటాను. నువ్వు కొలత ఇచ్చీ సూద్దాం!"

తాయారు టేపు అందుకోవడానికి వంగింది. కన్నీళ్లలో దాని మీది అంకెలు అలుక్కుపోయి కనిపించాయి. కళ్లు తుడుచుకుని, అత్తగారి వైపు ఓసారి చూసి, కొలత తీయడం మొదలుపెట్టింది.