మూలన తడి బట్టలతో

రాయచూరులో మా మిద్దె మీది గదే నా ఆఫీసు. మనసు బాగాలేనివాళ్ళు ఫోన్లో మెసేజీ పెడతారు, నేను జవాబు రాస్తాను. గొంతు వినపడదు, ముఖం కనపడదు. నోటితో చెప్పుకోలేనివి చాలామంది రాసి చెప్పుకుంటారు.

కుసుమకుమారి గోరేబాళ అనే ఊరి నుంచి రాసేది. కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న కుటుంబం. భర్త సుబ్బు మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళి కాలవలో పడి చనిపోయాడు. అప్పట్నుంచి రోజూ దీపాల వేళకి వచ్చి గది మూలన కూర్చుంటాడట. తడి బట్టలతో.

దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఇలా కనిపించడం మామూలేనని మాకు శిక్షణలో చెప్పారు. ఆవిడకీ అదే చెబుతూ వచ్చాను.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు లేదు. కింద మా అమ్మ జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు. పైన నా ఫోన్ వెలుగొక్కటే.

"వచ్చారండీ," అని రాసింది కుసుమకుమారి.

"భయపడకండి. ఆయనతో మాట్లాడండి. చెప్పాలనుకున్నది చెప్పేసి, ఇక వెళ్ళమనండి."

రేకుల మీద వాన.

"చెప్పానండి. ఇదంతా నీకు ఎవరు నేర్పారని అడుగుతున్నారు."

నేను జవాబు టైపు చేసేలోపే ఇంకొకటి వచ్చింది.

"మీ పేరు చెప్పానండి."

తర్వాత మెసేజీలు గబగబా వచ్చాయి. "లేచారు. గుమ్మం దాటారు. వెళ్ళిపోయారండీ! మీ మేలు మర్చిపోలేను."

సంతోషించాలి. కానీ గదిలో ఏదో వాసన. కాలవ బురద. నాచు. కుళ్ళిన గడ్డి.

కింద రొట్టెల చప్పుడు ఆగింది. అమ్మ మెట్ల దగ్గరికొచ్చింది.

"రక్షితా..." గొంతు తగ్గించి అంది. "పైకి ఎవరొచ్చిండ్రే? మెట్లన్నీ నీళ్ళు..."

నేను తల తిప్పలేదు. నా వెనక, మూలన... టప్... టప్...

సుబ్బు ఏమీ చెయ్యడు. అప్పట్నుంచి రోజూ నా గదికి వచ్చి తల వంచుకుని కూర్చుంటాడు, అంతే. అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి నాకు కట్టింది. ఏమీ మారలేదు.

కొన్నాళ్ళకి కుసుమకుమారి మళ్ళీ రాసింది. "ఇల్లు బోసిపోయిందండి. చచ్చిపోయినా కళ్ళెదుట ఉండేవారు. ఇప్పుడు అదీ లేదు. ఉండలేకపోతున్నాను. ఆయన్ని నాకు పంపించెయ్యండి."

మూలకేసి చూశాను. "మీ ఇంటికి పోండి," అన్నాను మెల్లగా. "ఆమె ఏడుస్తున్నది."

తలెత్తలేదు.

ఆవిడ రోజూ అడుగుతోంది. "కదలడం లేదండి," అని రోజూ రాస్తున్నాను. అంతకన్నా ఓదార్పు నా దగ్గర లేదు.

నిన్న మా సీనియర్ వాదిరాజ్ సర్‌కి చెప్పుకుందామనిపించింది. మా బరువు దించుకోవడానికి మాకూ ఒక మనిషి కావాలి కదా. అంతా టైపు చేశాను. పంపబోతూ ఆగాను. విన్నవాళ్ళ దగ్గరికే సుబ్బు వెళ్తాడేమో. సర్ ఇంట్లో చిన్నపిల్లలున్నారు... ఒక్క అక్షరం మిగలకుండా చెరిపేసి ఫోన్ బోర్లా పెట్టాను.

కాసేపటికి అది మోగింది. వాదిరాజ్ సర్ మెసేజీ.

"నువ్వు పంపింది అంతా చదివిన, రక్షితా. దాని కింద సుబ్బు రాసింది గూడ."