మూసిపెడతానన్న ముఖం

పలాసలో జీడిపప్పు దుకాణం మీది గది నాది. అక్కడి నుంచే ‘మన గుట్టు’ అని యూట్యూబ్ ఛానల్ నడుపుతాను. ఫోనులో లొకేషన్ ఎలా ఆపాలి, యుద్ధంలో ఫోన్లు మనుషుల్ని ఎలా పట్టిస్తాయి, ఇవే నా కబుర్లు. నలుగురికీ జాగ్రత్తలు చెప్పే పెద్దమనిషిని మరి.

పూండి దగ్గర ఊరివాడు పాండు. హైస్కూల్లో నా పక్క బెంచీ. జీడి బట్టీలో పనిచేసేవాడు, ఎన్నిసార్లు ఉతికినా వాడి చొక్కాకి మాడిన జీడి తొక్క వాసన పోయేది కాదు. వెల్డింగ్ పనని చెప్పి ఏజెంటెవడో వాణ్ని యుద్ధం జరుగుతున్న దేశంలో దించాడు. పాస్‌పోర్టు లాక్కుని ఫిరంగి గుండ్లు మోయించారు. అక్కడి షెడ్డులో దొంగచాటుగా నలభై సెకన్ల వీడియో తీసి నాకు పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

“బావా, నా ముకం అవుపడకుండా సేసి పెట్టు. తెలిస్తే ఈళ్లు నన్ను ముందుకి తోసేత్తారు.”

“అది నువ్వు సెప్పాలేటి బావా, మూసి పెడతాన్లే” అన్నాను.

మసక వేసి చూశాను. చప్పగా ఉంది. ఏడుస్తున్న ముఖం కనబడితేనే కదా జనం నొక్కేది. మసక తీసేసి అలాగే పెట్టేశాను. రెండు లక్షల మంది చూశారు. నాలుగో రోజున వాణ్ని ముందు వరసలోకి పంపారు. ఆ వారంలోనే పోయాడని కబురు. కబురు వినగానే నేను చేసిన మొదటి పని వీడియో తీసేయడం. ఏడుపు ఆ తరవాత వచ్చింది. సిగ్గుమాలినవాణ్ని.

శవం రాలేదు. పెద్దకర్మకి పోకపోతే ఏమైనా అనుకుంటారని పోయాను.

మిట్టమధ్యాహ్నం. కొబ్బరితోటలో పెంకుటిల్లు. ఆకు కదలడం లేదు. కుర్చీలో దండ వేసిన ఫోటో, దాని ముందు ఆకులో అన్నం, కూరలు. వాకిట్లోకి అడుగు పెట్టగానే మాడిన జీడి తొక్క వాసన గుప్పుమంది. చుట్టుపక్కల ఎక్కడా బట్టీ లేదు.

పాండు భార్య రోజా గుమ్మం పక్కకి పిలిచింది.

“అన్నయ్యా... ఆ ఫోటో సూడు.”

చూశాను. చొక్కా ఉంది. మెడ ఉంది. ముఖం ఉండాల్సిన చోట మసక. చిన్న చిన్న గళ్లు. నా కంప్యూటర్లో నేను వేసి తీసేసిన మసకే అది.

“నిన్నటిదాకా బాగానే ఉంది” అని గుసగుసగా చెప్పింది. “ఆధార్ కార్డులో ఇలాగే. పెళ్లి ఫోటోలో నా పక్కన ఇలాగే. కళ్లు మూసుకున్నా ఆయన ముకం గుర్తుకి రాట్నేదు అన్నయ్యా.”



లోపలి నుంచి పాండు వాళ్లమ్మ పైడితల్లి వచ్చింది. “మహీధర్ బాబూ, నీ ఈడియోలో మా వోడి ముకం తేటగా ఉందంట గదా. ఊరంతా సూసినారు, నాను సూడ్నేదు. ఓపాలి సూపించు.”

తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపమే లేదు.

తీసేశానమ్మా అనబోయాను. జేబులో ఫోను అదిరింది. తీస్తే... ఆ వీడియో. నేను చెరిపేసిందే. దానంతటదే మొదలైంది.

అదే షెడ్డు. అదే పాండు. ముఖం తేటగా ఉంది. కానీ ఏడవడం లేదు. నన్నే చూస్తున్నాడు. నలభై సెకన్లు దాటాయి... వీడియో ఆగలేదు.

“బావా... మూసి పెడతానన్నావు గదా.”

“తప్పయిపోయింది బావా” అన్నాను.

“అయితే నీ ముకం ఇయ్యి.”

చేతిలో ఫోను లేదు. పైడితల్లి తీసుకుంది. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇది మా వోడు కాదు. ఇది మహీధర్ బాబు గదా...”

తల ఎత్తి నన్ను చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది.

“రోజా... ఈడెవులే?”

రోజా కూడా చూసింది. ఆమె కళ్లల్లో నేను లేను.

అప్పుడైనా చెప్పాల్సింది. నేనే మహీధర్‌నమ్మా, నీ కొడుకు ముఖం నేనే బయటపెట్టాను, నా వల్లే పోయాడు అని కాళ్లు పట్టుకోవాల్సింది. తప్పించుకునే దారి కనబడింది నాకు.

“దారిన పోయేవాణ్నమ్మా” అన్నాను. ఫోను కూడా అడక్కుండా వచ్చేశాను.

పొద్దు వాలకముందే పలాస చేరాను. మెట్లెక్కబోతుంటే కింద దుకాణం గోవిందరావు ఆపాడు. ఆరేళ్లుగా పొద్దున్నే నాకు టీ తెప్పించే మనిషి.

“ఎవులు కావాలండీ?”

“పైన... మహీధర్.”

“ఉన్నాడు, ఎల్లండి. ఇప్పుడే పూండి నుంచి వొచ్చినాడు” అని ముక్కు చిట్లించాడు. “ఏటో గానీ, మనిసి నిండా జీడి తొక్క మాడిన కంపు.”